ఆదివారాల పనికి పర్మిషన్

పర్చూరు రోడ్డు పక్కన తెల్ల అంబాసిడర్ ఆగి ఉంది. ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంది. స్టీరింగ్ మీదికి ఒరిగిపోయిన మనిషి డాక్టర్ శివరామకృష్ణ, పత్తి శాస్త్రవేత్త. కణతలో ఒకే ఒక్క బుల్లెట్. సైలెన్సర్ వాడారు. పక్క చేలో మిరపకాయలు కోస్తున్న కూలీలకి చప్పుడే వినిపించలేదు. ఆయన జేబులో ఉండాల్సిన గిడ్డంగి తాళాల గుత్తి మాయమైంది.

అది 2004 ఫిబ్రవరి. మర్నాడు విజయవాడ సేఫ్ హౌస్‌లో చీఫ్ ఫొటో ఒకటి బల్ల మీదికి తోశాడు. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర సిల్కు చీర, సన్నటి నవ్వు.

"రుక్సానా. మన పర్చూరు అమ్మాయే. జపాన్‌లో, ఒసాకాలో కంప్యూటర్ ఇంజనీర్. శివరామకృష్ణ కనిపెట్టిన పత్తి విత్తనం కోసం తిరుగుతున్న డెల్మార్ ముఠా మనిషి. నిన్న మనకే ఫోన్ చేసింది."

ఏజెంట్ ప్రేమ్‌చంద్ తలెత్తాడు. "డబల్ ఏజెంటా?"

"అవుతానంటోంది. డెల్మార్ మొహం ఇంతవరకూ మనలో ఎవరూ చూళ్ళేదు. ఆమె చూపిస్తుంది. కాంటాక్ట్ చెయ్యి."

గుంటూరు మిర్చి యార్డులో, ఎర్రటి టిక్కీ బస్తాల వరసల మధ్య, తెల్ల చొక్కా వేసుకున్న బాపయ్య అనే కమీషన్ ఏజెంటు ఒకడు కాయలు విరిచి చూస్తున్నాడు. అది ప్రేమ్‌చంద్ మారువేషం. సెంటు వాసన అతని పక్కన వచ్చి ఆగింది.

"బాడిగ రకం కాయ ఉందాండీ?"

"ఈ ఏడు తేజేనండి."

కోడ్ సరిపోయింది. ఆమె కళ్ళద్దాలు తీసింది. ఫొటోలో నవ్విన మనిషి ఈమేనా అనిపించింది అతనికి.

"దొంగతనమన్నారు. మనిషిని చంపుతారని నాకు తెలీదండీ," అంది.

"అసలు వీళ్ళ చేతికెలా చిక్కారు?"

"నా వీసా ఒక్క ఆఫీసు ఉద్యోగానికే. ఆదివారాలు డెల్మార్ మనుషులు ట్రేడ్ ఫెయిర్లలో ఇంటర్‌ప్రెటర్‌గా చెయ్యమన్నారు. పర్మిషన్ లేకుండా చెయ్యనన్నాను. అప్లికేషన్ మేమే పెడతాం అన్నారు. వచ్చేసింది, పనిలోకి రా అన్నారు. నమ్మాను. నాలుగు నెలలయ్యాక డెల్మార్ పిలిచి, అది రిజెక్ట్ అయింది, నువ్వు చేసిందంతా నేరం అన్నాడు. ఒక్క ఫోన్ కొడితే ఉద్యోగం పోతుంది, దేశం నుంచి పంపేస్తారు, మళ్ళీ రానివ్వరు అన్నాడు."

"రెండో పని ఎందుకసలు?"

"మా తమ్ముడు అయూబ్. కౌలుకి పత్తి వేస్తాడు. పురుగుమందు కొట్టీ కొట్టీ కిడ్నీలు పోయాయి." ఆమె యార్డు గేటు వైపు చూసింది. "ఇక్కడే ఆస్పత్రిలో ఉన్నాడు. నా హోటల్ నుంచి ఆటోలో వెళ్ళేంత దూరం. నేను ఇండియాలో ఉన్నట్టు ఎవరికైనా తెలిస్తే ఆ ఫోన్ కొట్టేస్తానన్నాడు డెల్మార్. వాడి వైద్యం నా ఉద్యోగం మీదే నడుస్తోంది. ఎలా వెళ్ళను?"

ప్రేమ్‌చంద్ ఆమె అరచేతిలో ఒక హెయిర్‌పిన్ పెట్టాడు. అందులో మైక్రోఫోన్ ఉంది.

"డెల్మార్ ఎదురుపడగానే మన కోడ్ మాట అనండి. నేను దగ్గర్లోనే ఉంటాను."

"ఉంటారుగా?"

"ఉంటాను."

ఆ తర్వాత వాళ్ళు మరో రెండుసార్లు కలిశారు. మాట్లాడాల్సింది మిషన్ గురించే. కానీ ఆమె అయూబ్ గురించే చెప్పేది. పత్తి తీతలప్పుడు వాడి తలనిండా దూది అంటుకునేదని చెబుతూ నవ్వింది. ఆ నవ్వు ప్రేమ్‌చంద్‌ని హోటల్ గదిదాకా వెంటాడింది.

సోమవారం పెదకాకాని గుడి దగ్గర, భక్తుల రద్దీలో చీఫ్ కలిశాడు.

"ఒసాకా నుంచి రిపోర్టు వచ్చింది. ఆమెకి పర్మిషన్ ఎప్పుడో ఇచ్చేశారు. మొదటి ఆదివారం పనికి వెళ్ళకముందే. కాగితం డెల్మార్ నొక్కేశాడు. ఆమె ఏ నేరమూ చెయ్యలేదు."

ప్రేమ్‌చంద్ గుండె తేలికైంది. "ఇప్పుడే చెప్పేస్తాను సార్."

"చెప్పవు. భయం పోయిన మనిషి డెల్మార్ దగ్గరికి ఎందుకెళుతుంది? గురువారం డెల్మార్ దొరికాక చెప్పు. ఇది ఆర్డర్."

"ఆమె తమ్ముడు..."

"రెండు జిల్లాల రైతుల విత్తనమయ్యా. మూడు రోజులు ఆగలేదా ఆ అమ్మాయి?"

ప్రేమ్‌చంద్ ఆర్డర్ పాటించాడు.

గురువారం మిట్టమధ్యాహ్నం. గుంటూరు శివార్లలో విత్తనాల గిడ్డంగి. పురుగు పట్టని కొత్త పత్తి విత్తనం ప్రపంచం మొత్తానికి అక్కడే ఉంది. బయట గోనెసంచి భుజాన వేసుకున్న హమాలీ చెవిలో సన్నటి ఇయర్‌పీస్. శివరామకృష్ణ తాళాలతో రుక్సానా లోపలికెళ్ళి, చిన్న విత్తనాల పెట్టెతో తిరిగొచ్చింది. నల్ల కారు దిగి ఓ పొడుగాటి విదేశీయుడు చెయ్యి చాపాడు.

"ఈ ఏడు తేజేనండి," అంది రుక్సానా.

హమాలీ సంచి విసిరేసి దూకాడు. డెల్మార్ రివాల్వర్ పేలింది. గుండు గోడకి తగిలింది. ప్రేమ్‌చంద్ కరాటే దెబ్బకి డెల్మార్ నేలకూలాడు. అయినా నవ్వుతున్నాడు.

"పెట్టె ఉంచుకోండి. గిడ్డంగిలో ఉన్న విత్తనం మాత్రం ఇప్పుడు బూడిదవుతుంది. వచ్చే ఏడు మీ రైతులు విత్తనం నా దగ్గరే కొంటారు."

"తేమ మీటర్!" అరిచింది రుక్సానా. "లోపల పెట్టి రమ్మని మనిషి చేత పంపించాడు!"

డెల్మార్ చేతులకి బేడీలు తగిలించి ప్రేమ్‌చంద్ లోపలికి పరుగెత్తాడు. బస్తాల మీద మీటర్ టిక్కుటిక్కుమంటోంది. దాన్ని లాక్కుని బయటికి దూకి సిమెంటు నీళ్ళతొట్టిలోకి విసిరి, నేలకి కరుచుకున్నాడు. తొట్టి బద్దలై నీళ్ళు ఆకాశానికెగిశాయి.

రుక్సానా తడిసిన చీరతోనే నిలబడింది. "ఇప్పుడు వెళ్ళొచ్చా?"

ఆస్పత్రి వార్డులో అయూబ్ మంచం మీద కొత్త దుప్పటి పరుస్తోంది నర్సు ఎలీసమ్మ.

"నువ్వేనా అక్కవి? పొద్దున్నే పోయాడమ్మా. సోమవారం దాకా బాగానే మాట్లాడాడు. అక్క ఫోన్ చేసిందా అని వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగేవాడు. మంగళవారం నుంచి స్పృహ లేదు."

రుక్సానా ఆ కొత్త దుప్పటి మీదే కూర్చుంది.

"ఆ పర్మిషన్ ఒక్కటి వచ్చుంటే వాడి పక్కనే ఉండేదాన్నండీ."

ప్రేమ్‌చంద్ అబద్ధాలు చెప్పి బతికే మనిషి. ఇప్పుడు చెప్పలేకపోయాడు.

"వచ్చింది. ఎప్పుడో వచ్చింది. డెల్మార్ దాచాడు."

ఆమె తలెత్తింది. "మీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. హెయిర్‌పిన్ తీసి అతని చేతిలో పెట్టి, తమ్ముణ్ణి పర్చూరు తీసుకెళ్ళడానికి వ్యాను కోసం బయటికి నడిచింది. అతను సాయం రాబోతే చేత్తోనే వద్దంది.

వ్యాను బయల్దేరుతుంటే సెల్‌ఫోన్ మోగింది. చీఫ్ గొంతు హుషారుగా ఉంది.

"మిషన్ సక్సెస్! ఆ అమ్మాయి బ్రహ్మాండంగా చేసిందయ్యా. ఒసాకాలో ఉద్యోగం ఎలాగూ ఉంది, మనకి కూడా పార్ట్‌టైమ్‌గా చెయ్యమందామా?"

ఆస్పత్రి గేటు దాటుతున్న వ్యానుని ప్రేమ్‌చంద్ కనుమరుగయ్యేదాకా చూశాడు.

"ముందు ఆవిణ్ణి పర్మిషన్ అడగండి సార్. మొదటిసారి మనం నిజం చెప్పి అడగలేదు."