సీసం రంగు

బల్ల మీద మూడు గాజు గ్లాసుల్లో నీళ్ళు. మూడూ తేటగా, ఒకేలా ఉన్నాయి. కంటికి కొత్త లెన్స్ పెట్టుకున్న స్వరూప వంగి చూసి, మధ్య గ్లాసు మీద వేలు పెట్టింది.

"ఇది ఎర్రగున్నది మేడం."

డాక్టర్ వకుళ ఆ నీళ్ళు కొన్ని తీసి సీసం ఉంటే ఎర్రబడే డైథిజోన్ అనే రసాయనం కలిపింది. ద్రావణం ఎర్రబడింది. కలరీమీటర్‌లో పెడితే, ఆ ఎరుపు ఎంత కాంతిని మింగిందో లెక్కగట్టి సీసం మోతాదు చూపించింది. స్వరూప చెప్పింది నిజమే.

సీసం కలిసిన నీళ్ళకు రంగుండదు, వాసనుండదు. ఇన్నాళ్ళూ దాన్ని పట్టుకోవాలంటే ల్యాబ్ కావాలి, రసాయనాలు కావాలి. వకుళ తయారుచేసిన లెన్స్ ఆ పనంతా కంటి మీదే చేస్తుంది. సీసం ఎంత ఎక్కువుంటే అంత ఎర్రగా చూపిస్తుంది.

స్వరూపది చింతలగట్టు. ఊరి చుట్టూ సీసం కోసం పాత బ్యాటరీలు కరిగించే బట్టీలు. ఆమె పెద్దకొడుకు నాలుగేళ్ళకే ఫిట్స్ వచ్చి పోయాడు. ఇప్పుడు ఐదు నెలల పాప ఉంది.

కంటికి కనబడితే ఎవరూ తాగరు, ఎవరూ ఊరుకోరు అని వకుళ నమ్మింది. తను ఒకటి పెట్టుకుని, ఊళ్ళో నలభై మందికి లెన్స్‌లు పెట్టింది.

బోరు నీళ్ళు ఎరుపు. బావి నీళ్ళు ఇంకా ఎరుపు. అందరూ కలిసి మండల ఆఫీసుకు వెళ్ళారు. అధికారి వకుళ రిపోర్టులు తీసుకుని ఫైల్లో పెట్టుకుని, ట్యాంకర్ పంపించాడు. ఆ నీళ్ళూ ఎరుపే. కాస్త లేత ఎరుపు.

రెండు రోజులు ఓర్చుకున్నారు. మూడోరోజు కళ్ళు మూసుకుని తాగారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి లెన్స్‌లు తీయించుకుపోయారు.

మూడోవారం స్వరూప పాపనెత్తుకుని వచ్చింది. పాప ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"నా పాలు గూడ ఎర్రగున్నయి మేడం."

"డబ్బా పాలు..." అంది వకుళ.

"కలిపి చూసిన. కలిపేది ఆ నీళ్ళే కద. నా పాలకంటె ఎర్రగైనయి."

"కొన్నాళ్ళు ఎక్కడికైనా వెళ్తే?"

"పక్కూర్ల మా అక్క ఇంటికి పోయిన. ఆడ గూడ అంతే. ఇంకేడికి పోవాలె? దీన్ని తీసెయ్యండి మేడం. చూసుకుంట బిడ్డ నోట్ల పెట్టలేకపోతున్న."

వకుళ ఆమె కంటి నుంచి లెన్స్ తీసింది.

స్వరూప అక్కడే బెంచీ మీద కూర్చుని పాపను కొంగుచాటుకు తీసుకుంది. పాప ఆవురావురుమని తాగింది. పెదవి చివర జారిన చుక్కను స్వరూప వేలితో తుడిచి, ఆ వేలిని కిటికీ వెలుతురులో చూసుకుంది.

"తెల్లగనే ఉన్నయి కద మేడం?"

వకుళ తన కంట్లోని లెన్స్ ఇంకా తీయలేదు.

"తెల్లగానే ఉన్నాయమ్మా" అంది.