చిన్నాయన కొన్న పడవ

బడి వదిలి ఇంటికి రాగానే అళగమ్మాళ్ పలకను గడప పక్కన పెట్టి, పెరట్లోని కొట్టంలోకి పరుగెత్తింది. కొట్టంలో ఎద్దుల పక్కన ఒక పడవ ఉంది. రెండు చక్రాల పొట్టి బండి మీద, ముక్కు పైకెత్తుకుని ఉంది.

ఆ ఊరికి సముద్రం ముప్ఫై మైళ్ళ దూరం. చుట్టూ నల్లరేగడి పొలాలే. వాన పడితే పత్తి, పడకపోతే దుమ్ము. పదేళ్ళ అళగమ్మాళ్ సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు.

పడవ కొన్నది ఆమె చిన్నాయన వెంకటసామి. ఆయన ఏటా పత్తి బండి తోలుకుని తూత్తుకుడి రేవుకు పోయేవాడు. బస్తాలు దించాక మిగతా బండ్లవాళ్ళు ఎద్దులకు నీళ్ళు పెట్టి తిరుగుదారి పట్టేవారు. ఆయన మాత్రం ఒడ్డున నిలబడి, దూరంగా పోయే తెరచాపలు కనుమరుగయ్యేదాకా చూసేవాడు. ఆ ఏడు అక్కడ ఒక దొర తన దేశానికి వెళ్ళిపోతూ, షికారుకు వాడుకున్న చిన్న పడవను అమ్మేశాడు. ఇద్దరు కూర్చునేంత పాత పడవ. చిన్నాయన కోవిల్‌పట్టిలో రెండు పాత చక్రాలు సంపాదించి, దానికోసమే బండి చేయించి, మూడు రోజులు ఎద్దులతో లాగించి ఊరికి తెచ్చాడు.

ఊరంతా నవ్వింది. వీరమ్మాళ్ అవ్వయితే వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదు.  దీపావళి వచ్చే ఐప్పసి నెల వానలకు ఊరి చెరువు నిండుతుందనీ, అందులో పడవ నడపడం నేర్చుకుంటాననీ, ఆ తర్వాత బండి కట్టి సముద్రానికి తీసుకెళ్తాననీ ఆయన అళగమ్మాళ్‌కు మాత్రం చెప్పాడు.

"నేనూ వస్తా చిన్నాయనా," అంది అళగమ్మాళ్.

"నిన్ను ఇడిసిపెట్టి పోతానా?" అన్నాడాయన.

వానలకు ఇంకా ఇరవై రోజులు ఉన్నాయనగా, మిరపకాయల బస్తాలు విరుదునగర్‌కు చేరవేసే పని ఆయనకు దొరికింది. నెల రోజులు ఇంటికి రాలేడు. పోయే ముందు పడవలో గోనె సంచులు పరిచాడు. ఎండకు చెక్క ఎండిపోతే పలకలు ముడుచుకుని సందులు విడిపోతాయని తూత్తుకుడిలో ఒక ముసలి పడవవాడు ఆయనకు చెప్పాడట. అందుకని రోజూ సాయంత్రం ఆ గోనెల మీద రెండు బిందెల నీళ్ళు పొయ్యాలి. ఆ పని అళగమ్మాళ్‌కు అప్పగించాడు.

బావి ఊరి బయట ఉంది. నీళ్ళు బాగా లోతున ఉన్నాయి. అయినా మొదటి వారం అళగమ్మాళ్ ఒక్క రోజు కూడా మానలేదు.

ఒకరోజు పక్కింటి కాళియమ్మ ఆడుకోవడానికి వచ్చింది. ఇద్దరూ కలిసి అటక మీద దాచిన పడవ తెరచాపను దించారు. పడవ బండిని కొట్టం బయటికి తోశారు. తెరచాప కొయ్యను పడవలో నిలబెట్టి, తాళ్ళు లాగి, తెరచాపను పైకెత్తారు. పడమటి గాలి వచ్చి గుడ్డ నిండిపోయింది. పడవ బండి మీదే కిర్రుమని కదిలింది. అళగమ్మాళ్ కళ్ళు మూసుకుంది. చుట్టూ నీళ్ళే ఉన్నట్టు, ఎంత దూరం పోయినా ఒడ్డు రానట్టు అనిపించింది. కళ్ళు తెరిస్తే పేడకుప్ప, గడ్డివామి. మళ్ళీ మూసుకుంది.

ఆ సాయంత్రం నీళ్ళు పొయ్యలేదు. మర్నాడు వచ్చి చూస్తే పడవ ఎప్పటిలాగే ఉంది. ఒక్క రోజుకు ఏమీ కాలేదు కదా అనుకుంది. ఆ రోజూ పొయ్యలేదు. అప్పటినుంచి బిందె ముట్టలేదు. బడి నుంచి రావడం, తెరచాప ఎత్తడం, కళ్ళు మూసుకోవడం, అంతే.

"పడవకు నీళ్ళు పోస్తివా అమ్మీ?" అని రోజూ అవ్వ అడిగేది.

"పోస్తినవ్వా," అనేది అళగమ్మాళ్. మొదటిసారి చెప్పేటప్పుడు నోరు తడబడింది. తర్వాత తడబడలేదు.

గోనెలు ఎండి అప్పడాల్లా బిరుసెక్కాయి.

చిన్నాయన తిరిగొచ్చేసరికి వానలు మొదలై పది రోజులైంది. చెరువు నిండింది. వచ్చిన మర్నాడే ఉతికిన పంచె కట్టుకుని, తడి ఉన్నదీ లేనిదీ చూడకుండా గోనెలు లాగి పడేసి, పడవ బండిని ఆయన చెరువు దగ్గరికి తోలాడు. కట్ట మీద ఊరంతా చేరింది. నలుగురు పట్టి పడవను నీళ్ళలోకి దించారు. చిన్నాయన ఎక్కి కూర్చుని తెడ్డు వేశాడు. నాలుగు బారలు పోయాడో లేదో, కిందికి చూసుకున్నాడు. ప్రతి సందులోంచీ నీళ్ళు వస్తున్నాయి. చూస్తుండగానే పడవ అంచులదాకా మునిగిపోయింది. నడుము లోతు నీళ్ళలో ఆయన నిలబడిపోయాడు.

కట్ట మీదివాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. చిన్నాయన తల ఎత్తకుండా ఒడ్డుకు వచ్చాడు. రోజూ నీళ్ళు పోసినా ఇట్లా అయిందంటే చెక్క పుచ్చిపోయిందనీ, తాను మోసపోయాననీ అన్నాడు. పొద్దున వచ్చి పడవను పగలగొట్టి, పనికొచ్చే పలకలు తీసుకుపొమ్మని వడ్రంగి దొరైసామికి చెప్పాడు. తర్వాత సముద్రమున్న తూర్పు వైపు తిరిగి పంచె పిండుకోసాగాడు. 

అళగమ్మాళ్ వడ్రంగి వైపు చూసింది. తాను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కాళియమ్మ కూడా చెప్పదు. కానీ రేపు పొద్దునకు పడవ ఉండదు. చిన్నాయన మళ్ళీ ఎప్పుడూ సముద్రం మాట ఎత్తడు.

ఆమె జనంలోంచి ముందుకు వచ్చింది.

"చెక్క పుచ్చలేదు చిన్నాయనా. నేను నీళ్ళు పొయ్యలే."

"ఎన్నాళ్ళు?"

"నీవు వచ్చేదాకా, మూడు వారాలు. అవ్వకు పోస్తినని అబద్దం చెప్తి."

 అవ్వ చెయ్యెత్తింది. చిన్నాయన ఆ చేతిని పట్టి ఆపాడు. కానీ అళగమ్మాళ్ వైపు చూడలేదు. మళ్ళీ నీళ్ళలోకి దిగి, పలకలను ఒక్కొక్కటే తడిమాడు. గోటితో నొక్కి చూశాడు. చెక్క గట్టిగానే ఉంది.

"రావొద్దు దొరైసామీ," అన్నాడు. "ఇది దప్పిగొన్న చెక్క. తాగనీ."

పడవను అక్కడే మునగనిచ్చి, కొట్టుకుపోకుండా లోపల రాళ్ళు పెట్టాడు. ఆ రోజు ఆయన అళగమ్మాళ్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

రోజూ బడికి పోయే ముందూ, వచ్చాకా అళగమ్మాళ్ చెరువుకు వెళ్ళేది. నీళ్ళలోకి చెయ్యి పెట్టి సందులను తడిమేది. మొదట వేలిగోరు దూరేది. నాలుగో రోజుకు దూరలేదు. ఆ మాట పోయి చిన్నాయనకు చెప్పింది. ఆయన తలూపాడు.

ఆరో రోజు ఆయనే వచ్చి పిలిచాడు. ఇద్దరూ రాళ్ళు తీసి, నీళ్ళు తోడి, పడవ ఎక్కారు. చిన్నాయన తెరచాప ఎత్తాడు. సముద్రం వైపు నుంచి వచ్చే తడిగాలి అందులో నిండింది. పడవ కదిలింది. కట్ట మీద పిల్లలు దాంతో పాటే పరుగెత్తారు.

చిన్నాయన ముఖం వెలిగిపోతోంది.

"తలెత్తి చూడు అమ్మీ, ఎట్ల నిండిందో."

"ఉండు చిన్నాయనా," అంది అళగమ్మాళ్. "ఈడ ఒక సందు ఇంకా ఊరతా ఉంది."

ఒక చేతి బొటనవేలు ఆ సందు మీద పెట్టి, రెండో చేత్తో కొబ్బరి చిప్ప పట్టుకుని, ఊరిన నీళ్ళు ఊరినట్టే బయటికి పోస్తూ కూర్చుంది.