నాగజ్యోతి ఉన్న కార్డు

కోయిలకుంట్లలో ఎరువుల అంగడి నడిపే శివప్రసాద్ ఇంట్లో ఆ ఉదయం పసిపాపకు పేరు పెట్టే వేడుక. వాకిట్లో ముగ్గు ఆరకముందే చుట్టాలు రావడం మొదలైంది. శివప్రసాద్ మాత్రం నడవలో కూర్చుని డిజిటల్ కెమెరాను తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఊళ్ళో ఫోన్లలో కెమెరాలు ఇంకా రాని రోజులవి. ముందురోజు సరుకు కోసం కర్నూలు వెళ్ళినప్పుడు కొత్త మెమరీ కార్డు కొని తెచ్చాడు. ఆ అంగట్లో ఉన్నవాటిలోకెల్లా ఎక్కువ ఫోటోలు పట్టే పెద్దది. కెమెరాలో సరిగ్గానే దూరింది గానీ, తెర మీద 'కార్డు ఎర్రర్' అన్న మాట తప్ప ఇంకేమీ రావడం లేదు.

"చూసేకి అన్నీ ఒకే తీరు ఉండాయి కదా అని పెద్దది తెస్తి. ఇది తీసుకోనంటాండాది," అన్నాడు విసుగ్గా.

"స్టూడియో ఆయనను పిలిస్తే?" పాపను ఒళ్ళో వేసుకున్న అతని భార్య శ్రీవిద్య అడిగింది.

"ఆయప్ప నంద్యాలకు పెండ్లికి పోయినాడు. స్టూడియోకు తాళమేసి ఉండాది."

శివప్రసాద్ తల్లి సుందరలక్ష్మి పూలబుట్టతో అటు వచ్చింది. "పాత కార్డు ఉండాది కదరా. అందులోవి చెరిపేసి తీయి. ముహూర్తం మనకోసం ఆగుతాదా?"

పాత కార్డు నిండా ఉన్నవి నాగజ్యోతి ఫోటోలు. ఆమె శివప్రసాద్ మొదటి భార్య. మూడేళ్ళ కిందట విషజ్వరంతో చనిపోయింది. అప్పటికి కూతురు ఉదయశ్రీకి ఆరేళ్ళు. ఆ మరుసటి ఏడు శ్రీవిద్య ఆ ఇంటికి వచ్చింది. ఆ ఫోటోలు ఆమె ఎన్నడూ చూడలేదు. చూడమని ఎవరూ అనలేదు, చూడొద్దనీ అనలేదు.

"గోడకు పటం ఉండనే ఉండాది. ఇంకా ఎన్ని కావల్ల?" సుందరలక్ష్మి గొంతు కటువుగా పలికింది.

శివప్రసాద్ తల వంచుకుని పాత కార్డు కెమెరాలో పెట్టాడు. బొటనవేలు మీట మీద ఆగింది.

గడప దగ్గర పట్టుపావడాతో నిలబడిన ఉదయశ్రీ ఒక్క ఉదుటున వచ్చి కెమెరా లాక్కుంది. "మా అమ్మను చెరిపేస్తాండారు! నేనియ్యను!" అని అరుస్తూ మిద్దె మెట్లెక్కింది. చుట్టాలు నోరు తెరిచి చూశారు. నలుగురిలో తల కొట్టేసినట్టయి శివప్రసాద్ వెనకే పరుగెత్తాడు. శ్రీవిద్య పాపను అత్తగారి చేతికిచ్చి, పచ్చి బాలింత అయినా మెట్లెక్కింది. పిల్ల మీదికి లేచిన భర్త చేతిని పట్టుకుని ఆపింది.

"మీరు కిందికి పోండి. నేను మాట్లాడతా."

అతను వెళ్ళాక ఉదయశ్రీ పిట్టగోడకు ఆనుకుని, కెమెరాను గుండెకు అదుముకుంది. "నువ్వూ చెరిపేయమంటావు. అది నీ పాప కదా."

శ్రీవిద్యకు ఆ మాట ముల్లులా దిగింది. నేల మీద కూర్చుని అడిగింది. "మీ అమ్మను నాకొకసారి చూపిస్తావా?"

పిల్ల చాలాసేపు అనుమానంగా చూసింది. తర్వాత పక్కన కూర్చుని ఒక్కో ఫోటో చూపించింది. చివర ఒక చిన్న వీడియో. నాగజ్యోతి కూతురికి జడ వేస్తోంది. "కదలొద్దే ఉదయా, పాపిట వంకర పోతాంది. నీ జడ ఏసేకి పొద్దంతా చాలదు," అని నవ్వింది. అంతలోనే వీడియో ఆగిపోయింది.

"పటంలో అమ్మ మాట్లాడదు," అంది ఉదయశ్రీ. "నేను అమ్మ గొంతు మర్చిపోతాండా. అందుకే ఎవరూ లేనప్పుడు ఇంటాంటా."

రోజూ తాను జడ వేస్తుంటే ఈ పిల్ల రాయిలా ఎందుకు కూర్చుంటుందో శ్రీవిద్యకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ అది ద్వేషమే అనుకుంది.

కిందికి వచ్చి అందరి ముందూ చెప్పింది. "ఈ పొద్దు ఫోటోలు వద్దు."

"తొలిచూలు బిడ్డమ్మా. పేరు పెట్టేది ఒక్కసారే. తర్వాత నువ్వే ఏడుస్తావు," అంది సుందరలక్ష్మి.

"నా బిడ్డ కళ్ళ ముందర ఉండాది అత్తమ్మా. రేపు తీసుకుంటాం, ఎల్లుండి తీసుకుంటాం. పోయినామెను ఇంకెవరు తీస్తారు?"

ఒక్క ఫోటో లేకుండానే పాపకు పేరు పెట్టారు.

తర్వాతి ఆదివారం శివప్రసాద్ కూతురిని వెంటబెట్టుకుని, ఈసారి కెమెరా చేత్తో పట్టుకుని కర్నూలు వెళ్ళాడు. అది పాత రకం కెమెరా అనీ, రెండు జీబీ దాకా ఉండే మామూలు కార్డులనే చదువుతుందనీ, పెద్ద కార్డులు చూడటానికి అలాగే ఉన్నా వేరే రకమనీ కార్డు అమ్మిన అంగడాయన చెప్పాడు. సరైన కార్డు వేసి చూపించాడు. పాత కార్డులోవన్నీ సీడీలోకి ఎక్కించి, పడ్డాయో లేదోనని వీడియో నడిపించాడు. నాగజ్యోతి నవ్వు వినపడగానే శివప్రసాద్ ముఖం వీధి వైపు తిప్పుకున్నాడు. ఉదయశ్రీ వెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుంది.

ఇంటికి రాగానే సుందరలక్ష్మి మనవరాలిని దగ్గరకు పిలిచింది. "అవ్వకు ఒకసారి ఇనిపియ్యవే."

విన్నది. కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. "మీ నాయన ఇప్పుడిప్పుడే కడుపునిండా తింటాండాడు. మళ్ళా ఆయమ్మను తలుసుకోని మంచం పడతాడేమోనని భయపడితినే తల్లీ. నీ గురించి అనుకోకపోతి."

ఉదయశ్రీ అవ్వ చెంపలు తుడిచి, కొత్త కార్డు వేసిన కెమెరాతో గదిలోకి నడిచింది. శ్రీవిద్య పాపకు నూనె రాస్తోంది. కెమెరాను చూసి పాపను పైకెత్తి పట్టుకుంది.

"పాపను కాదు చిన్నమ్మా, నిన్నే. ఏమన్నా మాట్లాడు. నీ గొంతు గూడా ఇందులో పడల్ల."

శ్రీవిద్య నోరు తెరిచింది. ఆ వీడియోలో పాప కేరింత, శ్రీవిద్య వెక్కిళ్ళు, "ఏడవొద్దు చిన్నమ్మా" అన్న ఉదయశ్రీ మాట, అంతే పడ్డాయి.