నడవా లైటు ఆర్పొద్దు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అత్తగారు. లేవగానే ఆవిడ చేసే మొదటి పని లైట్లు ఆర్పడం. మనిషి లేని చోట దీపం వెలుగుతుంటే ఆవిడకి ప్రాణం ఒప్పదు. వంటిల్లు, స్నానాల గది, నడవా, వరసగా స్విచ్చులన్నీ టకటకా నొక్కేసి, అప్పుడు గానీ కాఫీకి నీళ్ళు పెట్టదు.

ఆ పొద్దున సెలవు కావడంతో నలుగురూ బల్ల దగ్గరే ఉన్నారు. మామగారి ముందు ఒక చీటీ ఉంది. నిన్న ఎవరో తలుపు కింద నుంచి తోసి వెళ్ళారు. "ఇది మూడోసారి రావడం. ఎన్నిసార్లు మీట నొక్కినా ఎవరూ తియ్యలేదు. నా గడియారం ఇంకెక్కడైనా ఇచ్చుకుంటాను" అని రాసి ఉంది.

మామగారు గడియారాలు బాగుచేస్తాడు. చేతులు ఇప్పటికీ వణకవు గానీ, చెవులు మాత్రం మూడేళ్ళ కిందట పూర్తిగా పోయాయి. ఆయనతో ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసి చూపించాల్సిందే. గుమ్మంలో మీట నొక్కితే వెనక గదిలో ఆయన బల్ల మీద నీలం దీపం మిణుకుమనేలా కోడలే ఏర్పాటు చేసింది. మొదటిసారి అది వెలిగిన సాయంత్రం ఆయనే లేచి వెళ్ళి తలుపు తీశాడు. ఆ తరవాత వారం రోజులు ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. అలాంటిది పగటిపూట, అత్తగారు కూరలకి వెళ్ళిన సమయంలో, దీపం వెలగడం లేదు. సాయంత్రం కోడలు ఆఫీసు నుంచి వచ్చి నొక్కి చూస్తే మాత్రం బుద్ధిగా వెలుగుతుంది.

"ఇంక చాలు. ఉన్న గడియారాలు ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తాను. పని మానేస్తాను" అన్నాడు మామగారు, తన గొంతు తనకి వినపడదు కాబట్టి కాస్త గట్టిగానే.

కొడుకు భార్య వైపు తిరిగాడు. "ఊరికే దొరికేదాన్ని నమ్ముకుంటే ఇంతే. మంచి కంపెనీది కొనుక్కుందామని అప్పుడే చెప్పాను."

కోడలి ముఖం మాడిపోయింది. మీట నుంచి దీపానికి కబురు పంపే ఆ ఉచిత ప్రోగ్రాం రాసేవాళ్ళలో తనూ ఒకతి. రెండేళ్ళుగా సెలవులన్నీ దానికే ధారపోసింది. ల్యాప్‌టాప్ తెచ్చి, అందులో నమోదైన వరసలు కిందికి జరుపుతూ పోయి, ఒకచోట ఆగింది.

"రోజూ పొద్దున ఆరుంబావుకి నడవా లైటుకి కరెంటు పోతోంది" అంది నెమ్మదిగా.

కొడుకూ కోడలూ ఒక్కసారే అత్తగారి వైపు చూశారు.

"నేనే ఆర్పుతున్నాను. తెల్లారాక నడవాలో లైటెందుకు?"

"వెలగక్కర్లేదు అత్తయ్యా, దానికి కరెంటుంటే చాలు. గుమ్మంలో మీటకి ఉన్నది చేతి గడియారంలో వేసే బిళ్ళ బ్యాటరీ. దాని గొంతు చిన్నది, వెనక గది దాకా చేరదు. మధ్యలో నడవా లైటు అందుకుని అటు అందిస్తుంది. మీరు గోడ దగ్గర స్విచ్చి కట్టేస్తే అందించేవాళ్ళే ఉండరు."

"అలాగని నాకెవరు చెప్పారమ్మా?"

"ఇది ఎలా వాడాలో రాసిన కాగితాలిచ్చాను కదా, ఇరవై పేజీలు. చదివితే తెలిసేది."

అత్తగారు ముప్ఫై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు చూసిన మనిషి. ఆవిణ్ణి పట్టుకుని చదివితే తెలిసేదట.

"ఏమిటట? ఎవరి తప్పట?" అని మామగారు అందరి ముఖాలూ చూస్తున్నాడు. ఎవరూ పలక అందుకోలేదు. చివరికి అత్తగారే తీసుకుని "నాదే" అని రాసి చూపించింది. ఆయన చదివి, "పోనీలే" అని లేచి, గడియారాలు పొట్లాలు కట్టడానికి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది అనిపించింది ఆవిడకి.

కాగితాలు, ఎర్ర పెన్ను తీసుకుని ఆవిడ తన గదిలో కూర్చుంది. మళ్ళీ బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

"అమ్మాయ్, తప్పులో సగం నాది. మిగతా సగం నీ పధ్నాలుగో పేజీది" అంటూ కాగితాలు ముందు పెట్టింది. "నిరంతర విద్యుత్ సరఫరా గల ఉపకరణములు ప్రసార వాహకములుగా వర్తించును గనుక... ఇది ఎవరికి రాశావు తల్లీ? ముందు చెప్పాల్సింది తీసుకెళ్ళి అట్టడుగున పడేశావు."

మొదటి పేజీ నెత్తిన ఎర్ర అక్షరాల్లో ఉంది: "లైటుని గోడ స్విచ్చి దగ్గర ఆర్పొద్దు. ఆర్పితే అవతలి గదికి కబురు అందదు."

కోడలు ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదివింది. "పగలు పనిచెయ్యడం లేదు అని రోజూ ఎవరో ఒకరు మాకు ఉత్తరం రాస్తున్నారు అత్తయ్యా. మేమేమో ప్రోగ్రాంలో తప్పుందని తలలు పగలగొట్టుకుంటున్నాం."

"దిద్దితే మీ వాళ్ళు ఊరుకుంటారా?"

"ఇది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. దిద్దింది నలుగురూ చూసి, బాగుంటే తీసుకుంటారు." కోడలు కాగితాలు దగ్గరికి లాక్కుంది. "పొద్దున నోరు జారాను అత్తయ్యా."

"జారలేదులే. నిజంగానే నేను మొదటి పేజీలో నిద్రపోయాను."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ సాయంత్రమే కొడుకు నడవా స్విచ్చి మీద మూత బిగించి, పక్కన కరెంటు పోకుండా లైటు ఆర్పుకోవడానికి వేరే మీట అంటించాడు. కంపెనీ మాట మళ్ళీ ఎత్తలేదు. అత్తగారు వెనక గదిలోకి వెళ్ళి, కట్టిన పొట్లాలన్నీ తన చేత్తోనే విప్పేసింది. నాలుగు రోజుల తరవాత ఆవిడ కూరల సంచీతో వచ్చేసరికి గుమ్మంలో మామగారు పలక చేత్తో పట్టుకుని ఎవరితోనో వీధంతా వినపడేలా బేరమాడుతున్నాడు.

ఆదివారం కోడలు ల్యాప్‌టాప్ తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"మీరు దిద్దిన ఇరవై పేజీలూ మా వాళ్ళు తీసుకున్నారు అత్తయ్యా. దిద్దినవాళ్ళ పేరు వెయ్యాలి. మీ పేరు మీరే కొట్టండి."

"నా పేరెందుకే? ప్రూఫులు చూసినవాళ్ళ పేరు ఎక్కడన్నా వేస్తారా?"

"ఇక్కడ వేస్తారు."

ఎన్ని వందల పుస్తకాలు ఆ చేతుల మీదుగా వెళ్ళాయో ఆవిడకే లెక్క తెలియదు. రాసినవాళ్ళ పేరు, అచ్చువేసినవాళ్ళ పేరు, బొమ్మలు గీసినవాళ్ళ పేరు, అన్నీ తనే దిద్దింది. తన పేరు మాత్రం ఏ పేజీలోనూ పడలేదు. పడాలని ఒక్కనాడూ అడగలేదు కూడా.

ఆవిడ ఒక వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఇంటిపేరుతో సహా కొట్టింది. కోడలు ఏదో నొక్కగానే ఆ పేరు వెళ్ళి పేజీ చివర కూర్చుంది. వెనక నుంచి తొంగి చూసిన మామగారు దాన్ని పైకి చదివాడు, ఎప్పటిలాగే గట్టిగా. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఆ ఒక్క వరసనీ మూడుసార్లు చదివింది. దిద్దడానికి ఏమీ లేదు.