అన్ని ఊళ్లకూ ఒకే కబురు

ఖమ్మంలో ప్రైవేటు డిటెక్టివ్ తిరుమల ఆఫీసు మెట్లెక్కిన అమ్మాయి కూర్చోకుండానే వెనక్కి తిరిగి వీధిలోకి చూసింది. వెంట ఎవరైనా వచ్చారేమోనని భయపడుతోందని అసిస్టెంటు భానుకు అర్థమైంది. తలుపు దగ్గరికి వేశాడు.

ఆమె పేరు సరళ. భద్రాచలంలో ఒక స్వచ్ఛంద సంస్థలో కంప్యూటర్ ఆపరేటరు. గోదావరి పొంగితే ఒడ్డు గ్రామాలకు ఫోనులో హెచ్చరిక వినిపించడం ఆ సంస్థ పని. ఏ ఊరికి ఏ కబురో సరళ ఎక్కించేది. ఊళ్లో ఎవరైనా ఫోనెత్తగానే కంప్యూటర్ దాన్ని వినిపించేది. మొన్నటి వరదలో దుమ్ముగూడెం వైపు ఊళ్లన్నిటికీ 'ప్రమాదం లేదు, ఇళ్లలోనే ఉండండి' అని వినిపించింది. ఆ మాట నమ్మి ఇంట్లోనే ఉన్న సక్రి అనే ఆమె కొట్టుకుపోయింది. ఆమె భర్త లచ్చిరాం.

"ఒడ్డు ఊళ్లకు ఖాళీ చెయ్యమనే ఎక్కిచ్చిన మేడం. నేనే తప్పు కొట్టిన్నంటున్రు. లచ్చిరాం ఇంటి మీదికొచ్చి రాళ్లేసిండు."

"అన్నిటికన్న చివర ఏ ఊరు ఎక్కిచ్చినవ్?" తిరుమల అడిగింది.

"గుట్ట మీది గూడెం. ఆడికి నీళ్లు రావు. ఉండమనే ఎక్కిచ్చిన."

"ముందు పరీక్ష చేసిన్రా?"

"ఎండకాలంల ప్రోగ్రాం రాసిన కోటేష్ సారు చేసిండు. ఒక్కొక్క ఊరికి సరిగ్గనే వచ్చింది. వరద తగ్గినంక అన్ని ఊళ్లకు ఒకేసారి నడిపి చూపిచ్చిండు. అప్పుడూ తప్పు రాలే. అందుకే నా మీద పడ్డది."

"ఆ ప్రోగ్రాం ఇంకేడన్న ఉన్నదా?"

"బూర్గంపాడు ఆఫీసుల పాత కంప్యూటర్ల ఉన్నది. ఎండకాలం సంది ఎవరూ ముట్టలే."

మర్నాడు ఆ కంప్యూటర్‌ను ఆటోలో వేసుకుని భాను వంతెన దాటి వచ్చాడు. భద్రాచలం ఆఫీసులో సంస్థ పెద్ద జంపక్క, కోటేష్, సరళ, ఓ మూలన లచ్చిరాం ఉన్నారు. తిరుమల అక్కడున్న ముగ్గురి సెల్‌ఫోన్లను మూడు ఊళ్లనుకోమంది. ఆ పాత కంప్యూటర్‌లో మొదటి రెంటికీ ఖాళీ చెయ్యమని, మూడోదానికి ఉండమని సరళ చేత ఎక్కించింది. ముందు ఒక్క ఊరినే నడిపితే సరిగ్గా పలికింది. మూడింటినీ కలిపి నడిపారు. మూడు ఫోన్లూ మోగాయి. మూడూ 'ఇళ్లలోనే ఉండండి' అన్నాయి.

లచ్చిరాం గోడకు ఆనుకున్నాడు.

"ఈ ప్రోగ్రాం ఏ ఊరి కబురును ఆ ఊరికని దాచిపెట్టలేదు," అంది తిరుమల. "'ఫోనెత్తినప్పుడు ఫలానా పెట్టెలో ఉన్నది చదువు' అని మాత్రం ప్రతి ఊరికీ రాసి పెట్టింది. కంప్యూటర్‌లో కబురు ఉంచే ఆ పెట్టె అన్నిటికీ ఒక్కటే. ఊరు మారినప్పుడల్లా అందులోది మారింది. ఫోనెత్తే వేళకు చివరి ఊరి కబురే మిగిలింది. ఒక్క ఊరితో పరీక్షిస్తే ఇది బయటపడదు."

"మరి ఈడి కంప్యూటర్ల సరిగ్గొస్తుందేంది?" జంపక్క అడిగింది.

"వరద తగ్గాక ఎవరో దిద్దారు. తప్పు ఎక్కడుందో తెలిసిన మనిషే దిద్దగలడు. తెలిసీ ఈ పిల్ల మీదికి తోశాడు."

కోటేష్ తల ఎత్తలేదు. "కావాలని చెయ్యలే. తెల్సినంక భయమైంది," అన్నాడు.



"ఇప్పుడు బాగైందా అది?" లచ్చిరాం అడిగాడు.

"అయింది," అన్నాడు కోటేష్.

"మా సక్రి పోయినంక." లచ్చిరాం కోటేష్ ముందుకు వచ్చాడు. "తప్పు ఎవలైనా చేస్తరు సారూ. నా చేత ఈ పిల్ల ఇంటి మీద రాళ్లేపిచ్చినవ్."

అతను సరళ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె తన కుర్చీలోంచి లేచి, అతన్ని కూర్చోమన్నట్టు దాన్ని ముందుకు జరిపింది.