శవానికి కట్టినట్టు

చియో ఇసోబె డిటెక్టివ్ కచేరీకి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది పెళ్లి సంబంధాలవాళ్లే. అబ్బాయి తాగుతాడా, అమ్మాయి తాతకు మతి సరిగ్గా ఉండేదా, ఆ ఇంట్లో ఏమైనా జబ్బులున్నాయా, ఇలాంటివి ఆరా తీసి పెట్టడంలోనే ఆవిడకు యాభై ఏళ్లు వచ్చేశాయి. ఒక్కోసారి ఆ పని మీద ఆవిడకే రోత పుట్టేది. అందుకే, తుఫాన్ల కాలం వెళ్లిపోతున్న ఆ అక్టోబరు పొద్దున లోపలికి వచ్చిన మనిషి ముఖం చూడగానే, ఇది పెళ్లి బేరం కాదని ఆవిడకు ప్రాణం లేచివచ్చింది.

ముప్పై అయిదేళ్ల మనిషి. టోపీని రెండు చేతులతో నలుపుతూ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"కూర్చోండి. ఎవర్ని లాక్కొచ్చారు సముద్రంలోంచి?" అంది చియో.

ఆయన టోపీ నలపడం ఆపేశాడు. పక్క బల్ల దగ్గర కూర్చున్న సహాయకుడు మాకినో కలం కింద పెట్టాడు. ఆరేళ్లుగా చూస్తున్నా ఈ ఘడియ మాత్రం అతనికి పాతబడలేదు.

"మీ ప్యాంటు మీద నడుం దాకా ఉప్పు చారలున్నాయి. బూట్లు శుభ్రంగా ఉన్నాయి. అంటే వట్టి కాళ్లతో ఇంట్లోంచి పరిగెత్తారు. సరదాకి ఈదేవాళ్లు ప్యాంటుతో దిగరు కదా."

"మా ఆవిడని," అన్నాడాయన. కుర్చీలో కూలబడ్డాడు. "నా పేరు షూహే. షిరాసెలో సముద్రం ఒడ్డున, వేడినీటి బుగ్గ మీద, ఇసాగో అని ఒక విడిది ఉంది. అది మా ఆవిడ తొమోయె పుట్టింటివాళ్లది. నేను ఇల్లరికం వచ్చాను. నిన్న సాయంత్రం తను రాళ్ల మీంచి నీళ్లలోకి నడిచి వెళ్లిపోయింది. అదేంటంటే, అక్క పిలుస్తోందంటుంది."

"అక్క ఎక్కడుంది?"

"చనిపోయిందండీ. మూడేళ్లయింది. ఓరియె అని, పెళ్లి కాలేదు. విడిది ఆవిడకే రావాల్సింది. తుఫాను రోజున కెరటం లాక్కుపోయింది. రాళ్ల మీద చెప్పులే దొరికాయి, మనిషి దొరకలేదు. ఇప్పుడు పది రోజులుగా తొమోయెకి కనిపిస్తోంది. యుకాతా కట్టుకుని నిలబడి చూస్తోందట. ఆ యుకాతా ఎలా కట్టి ఉందో తెలుసా? కుడి అంచు పైకి."

మాకినో చెయ్యి తనంతట తానే తన చొక్కా మెడ మీదికి పోయింది. ముందువైపు అంచు మీద అంచు వేసి కట్టే ఆ నూలు అంగీని బతికున్నవాళ్లెవరూ కుడి అంచు పైకి వచ్చేలా కట్టుకోరు. అలా కట్టేది శవానికి మాత్రమే.

"అక్క చోటు తను లాక్కుందని అక్కకి కోపమంటుంది. తిండి మానేసింది. ఇంకోసారి వెళ్తే నేను పక్కన ఉంటానో ఉండనో," అని షూహే ఆగిపోయాడు.

"మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాం," అంది చియో.

బస్సులో మాకినో గొంతు తగ్గించి, "మొగుడి మీద నాకు అనుమానంగా ఉందండీ. పెళ్లాం పోతే విడిది మొత్తం ఆయనదే," అన్నాడు.

"అయితే లాక్కురాకుండా ఒడ్డున నిలబడి ఏడిస్తే సరిపోయేది. నీ బుర్రకి కాస్త గాలి తగలనీ, కిటికీ తెరువు."

ఇసాగో పాత విడిది. నల్లబడిన చెక్క, కొండవాలుకి మెట్లు మెట్లుగా దిగే పొడవాటి నడవాలు. ఆ నడవాల్లో నడుస్తుంటే అడుగుల చప్పుడు కన్నా కింద కెరటాల హోరే ఎక్కువగా వినిపిస్తుంది. పనివాళ్లు ఒకరితో ఒకరు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. చీకటి పడకముందే ప్రతి గదిలోనూ దీపాలు వెలిగించేశారు. మాకినోకి వీపు మీద చల్లగా అనిపించింది, అది సముద్రపు గాలి వల్లేనని తనకి తాను చెప్పుకున్నాడు.

తొమోయె వాళ్లిద్దరినీ ఆడవాళ్ల స్నానశాలకి తీసుకెళ్లింది. పాతికేళ్లు దాటిన పిల్ల, ముఖంలో నెత్తురు చుక్క లేదు. రాతి తొట్టిలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. సముద్రం వైపు గోడంతా ఒకే పెద్ద గాజు పలక. దాని పక్కన బయటికి ఒక చిన్న తలుపు.

"అతిథులు భోజనాలకి వెళ్లాక, సాయంత్రం దీపాలు పెట్టే వేళ నీళ్లు చూడ్డానికి వస్తానండీ," అంది తొమోయె. "ఇక్కడ వంగి చెయ్యి పెట్టి తలెత్తితే, అదిగో, గాజు అవతల నిలబడి ఉంటుంది. ఆవిరిలో. ఏమీ అనదు. నేను ఈ తలుపు తీసుకుని పరిగెడతాను. ఎవరూ ఉండరు."

చియో ఆ తలుపు తీసి చూసింది. పక్కగా రాళ్లలోకి దిగే ఇరుకు మెట్లున్నాయి కానీ, గాజు గోడ కింద అడుగు పెట్టే చోటు కూడా లేదు. అక్కడ కొండ నిట్టనిలువుగా రాళ్లలోకి దిగిపోయింది.

"ఇక్కడ పిల్లి కూడా నిలబడలేదు."

"అందుకే కదండీ చెప్తున్నా," అంది తొమోయె. ఆ గొంతులో భయం కన్నా అలసట ఎక్కువగా ఉంది.

"మీ అక్కే అని ఎలా తెలిసింది?"

"అక్కని గుర్తుపట్టనా? కానీ అంతా తిరగేసి ఉంటుంది. యుకాతా సంగతి ఆయన చెప్పే ఉంటారు. అక్క జుట్టులో దువ్వెన ఎప్పుడూ ఎడమవైపే పెట్టుకునేది, ఇప్పుడు కుడివైపుంది. పోయినవాళ్లకి అన్నీ తిరగేసే చేస్తాం కదండీ, తెర తలకిందులుగా పెడతాం, చన్నీళ్లలో వేణ్నీళ్లు పోస్తాం. అక్కడ అలాగే ఉంటుంది కాబోలు."

"యుకాతా మీద బొమ్మలేమిటి?"

"మా విడిదిదే. తెల్లటి దాని మీద నీలం పిట్టలు."

చియో ఆ తలుపు మూసి వచ్చింది. "మీ అక్క ఎలాంటి మనిషమ్మా?" అంది.

తొమోయె ముఖంలో మొదటిసారి కాస్త వెలుగు వచ్చింది. "మొండి మనిషి. చివరి ఏడాదైతే మరీను. బుగ్గలోంచి పొంగే నీళ్లలో, నేను వేలు కూడా పెట్టలేని దాంట్లో, మోచేతి దాకా పెట్టి ఏం వేడి లేదే అనేది. తీస్తే చెయ్యంతా బొబ్బలు. నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. మర్నాడు తను పోయింది."

"ఈ సంగతి మీ అమ్మగారికి చెప్పావా? కనిపిస్తోందని?"

"మొదటి రోజే చెప్పా. అమ్మ నన్ను కూర్చోబెట్టి అగరొత్తులు వెలిగించింది. శాంతించమని రోజూ దణ్ణం పెట్టిస్తోంది."

తొమోయె తల్లి, పెద్దావిడ త్సూనె, విడిదికి వెనక తోటలో విడిగా ఉన్న గదిలో ఉంటుంది. ఆ గది నుంచి స్నానశాల దాకా కప్పు వేసిన నడవా ఒకటి ఉంది. చియో పలకరించబోతే తలుపు జానెడు మాత్రమే తెరిచి, ఒంట్లో బాగాలేదని చెప్పి మూసేసింది. అందుకని చియో వంటింటి గుమ్మంలో కూర్చుని, అక్కడ నలభై ఏళ్లుగా పనిచేస్తున్న కానెతో కబుర్లలో పడింది. కానెకి నోరు కాస్త జాస్తి.

"పెద్దమ్మగారికి జబ్బా? నాకైతే అనుమానమే," అంది కానె, ముల్లంగి తరుగుతూ. "పళ్లెం నాకేసి పంపిస్తోంది. జన్మలో ముట్టని ఆల్చిప్పల చారు కూడా గిన్నె ఖాళీ. ముసలితనంలో నాలుక మారుతుందంటారు కానీ, మరీ ఇంతా?"

"ఎన్నాళ్ల నుంచి?"

"ఈ దయ్యం గొడవ మొదలైనప్పటి నుంచే అనుకోండి."

"నీలం పిట్టల యుకాతాలు మీకు మొదటి నుంచీ ఉన్నాయా?"

"లేదండీ, ఈ వేసవిలో కొత్తగా అద్దించాం. అంతకుముందు వెదురాకులు."

మాకినో చేతిలో టీ కప్పు ఆగిపోయింది. మూడేళ్ల క్రితం పోయిన మనిషి ఈ వేసవి బట్ట ఎలా కట్టుకుంది?

"ఓరియె పోయాక గది ఏం చేశారు?" అంది చియో, ఏమీ పట్టనట్టు.

"ఆ సంగతెందుకు లెండి. మర్నాడే పెద్దమ్మగారు ఆ గది చాపలన్నీ తనే తోటలోకి ఈడ్చి తగలబెట్టింది. పరుపులు, బట్టలు, గిన్నెలు కూడా. దుఃఖంలో మనిషి ఏం చేస్తుందో తనకే తెలీదు కదా."

"అవును," అంది చియో. "మేమైతే దుఃఖం వస్తే బట్టలు దాచుకుంటాం."

మర్నాడు పొద్దున త్సూనె శ్మశానానికి పూలు తీసుకుని వెళ్లింది. ఆవిడ అటు వెళ్లగానే చియో తోటలోకి వెళ్లింది. ఒక గంట తర్వాత తిరిగి వచ్చి, టెలిఫోన్ గదిలో తలుపేసుకుని చాలాసేపు మాట్లాడింది. బయటికి వచ్చినప్పుడు ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాకినో ఏమిటని అడిగితే, "ఇన్నేళ్లూ నేను చేసిన పని మీద ఉమ్మెయ్యాలనిపిస్తోంది," అని మాత్రం అంది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అందర్నీ ఆడవాళ్ల స్నానశాలకి పిలిచింది. షూహే, తొమోయె, కానె తొట్టి పక్కన నిలబడ్డారు. త్సూనె అందరికన్నా వెనక, నడుం నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

"తొమోయె, రోజూలాగే వంగి నీళ్లలో చెయ్యి పెట్టు. ఇప్పుడు తలెత్తు."

తొమోయె తలెత్తి కెవ్వుమంది. గాజు అవతల, కెరటాల మీద, ఆవిరిలో ఒక ఆకారం నిలబడి ఉంది. నీలం పిట్టల యుకాతా. కుడి అంచు పైకి.

"ఎవరది?" అంది చియో.

"మాకినో గారు," అన్నాడు షూహే.

"పాపం ఎప్పుడు పోయాడో. వెనక్కి తిరగండి."

వెనక నడవా గుమ్మంలో మాకినో నిలబడి ఉన్నాడు, నిక్షేపంగా, ఎడమ అంచు పైకి కట్టుకుని.

"బయట మసక, లోపల దీపాలు. ఆ వేళకి గాజు పలక అద్దమైపోతుంది," అంది చియో. "అద్దంలో ఎడమ కుడి అవుతుంది. దువ్వెన ఇటుది అటు పోతుంది. వేరే ఏ దేశంవాళ్లయినా అయితే ఎవరో ఉన్నారని వెనక్కి తిరిగేవాళ్లు. మనం ఆ అంచు చూడగానే శవం అనుకుని ఆగిపోతాం. తొమోయె, నువ్వు చూసింది శవాన్ని కాదు. అంచు తిరగబడి కనిపించిందంటే, ఆ మనిషి మనలాగే సరిగ్గా కట్టుకుని, నీ వెనకే నిలబడిందన్నమాట."

తొమోయె గాజు కేసీ గుమ్మం కేసీ మార్చి మార్చి చూసింది.

"ఈ వేసవిలో అద్దించిన బట్ట కట్టుకుంది. ఆల్చిప్పల చారు తాగింది. ఈ నడవా ఒక్క పెద్దమ్మగారి గది దాకానే వెళ్తుంది. మరి బతికున్న కూతురు పోయిందని తల్లి ఎందుకు నమ్మించింది? మరిగే నీళ్లలో చెయ్యి పెట్టినా తెలియలేదు ఓరియెకి. చర్మానికి స్పర్శ పోయింది. చాపలు తగలబెట్టారు. ఇది ఏ జబ్బో పెద్దమ్మగారికి తెలుసు."

"కుష్ఠు," అంది త్సూనె. ఆ మాట ఆవిడే అంది, గొంతు వణక్కుండా. "వందమంది దిగే నీళ్లు ఇవి. బయటికి పొక్కితే అధికారులొచ్చి ఇల్లంతా మందు చల్లేవాళ్లు. షిరాసెలో ఒక్క విడిదికి కూడా మనిషి వచ్చేవాడు కాదు. తొమోయెకి పెళ్లయ్యేది కాదు. అందుకే రహస్యంగా కుష్ఠురోగుల ఆశ్రమానికి పంపేశాను, అక్కడ చేరేవాళ్లంతా పేరు మార్చుకునే చేరతారు. నేను చెప్పులు రాళ్ల మీద పెట్టాను. అంతే."

"అప్పటిది నేను తప్పు పట్టను. ఇలాంటివి తవ్వి తీసే నాలాంటివాళ్ల భయానికే మీలాంటివాళ్లు దాస్తారు. కానీ పది రోజుల క్రితం చిన్న కూతురు దయ్యం అంటే మీకు నిజం తెలుసు. అగరొత్తులు వెలిగించారు."

"నాలుగు రోజుల్లో ఓరియెకి వేరే చోటు చూసి పంపేద్దామనుకున్నా. మొన్న ఇది నీళ్లలోకి వెళ్లిందని విన్నాక," అని త్సూనె మొదటిసారి తలవంచింది. "ఆ రాత్రే చెప్పాల్సింది. నోరు రాలేదు. ఒకదాన్ని ఉత్తుత్తిగా సముద్రానికిచ్చాను. రెండోదాన్ని నిజంగానే ఇచ్చేసేదాన్ని."

"ఆమెకి పూర్తిగా నయమైందనీ, ఎవరికీ అంటదనీ ఆశ్రమం డాక్టరే పొద్దున టెలిఫోన్‌లో చెప్పాడు నాతో," అంది చియో. తర్వాత నడవా వైపు చూసి, "రామ్మా," అంది.

మాకినో పక్కకి తప్పుకున్నాడు. వచ్చిన మనిషి అరచేతులు యుకాతా చేతుల లోపలికి దాచుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కానె రెండడుగులు వెనక్కి వేసింది. షూహే కూడా ఒక అడుగు వేశాడు, వేసినందుకు అతని ముఖం వెంటనే ఎర్రబడింది.

"నువ్వు నన్ను చూస్తున్నావని తెలీదే తొమో," అంది ఓరియె. "నా కళ్లు ఇప్పుడు దూరం ఆనవు. నీ వీపు ఒక్కటే తెలిసేది. నీళ్లు చూసుకుని తలుపు తీసుకు వెళ్లిపోయేదానివి, రాళ్ల కేసి పనుందేమో అనుకునేదాన్ని. ఒక్కసారి చూసి పోదామని వచ్చాను. రోజూ ఇంకొక్కసారి అనుకున్నాను. రేపు వెళ్లిపోతాను."

తొమోయె వెళ్లి అక్క భుజం మీద ఒక్కటి చరిచింది, గట్టిగా. "మూడేళ్లు," అంది. "మూడేళ్లు నీకు అన్నం పెట్టి దణ్ణం పెట్టాను," అంటూ ఇంకో రెండు చరిచి, ఆ వంకర పోయిన చేతుల్ని బయటికి లాగి తన చెంపల మీద పెట్టుకుని ఏడ్చింది. చియో గాజు వైపు తిరిగి నిలబడింది. అందులో కూడా వాళ్లే కనిపిస్తుంటే కళ్లు మూసుకుంది.

తెల్లవారేసరికి సగం మంది అతిథులు సామాన్లు కట్టేశారు. కబురు నడవాల కన్నా వేగంగా పోయింది. కానె కూడా మూట కట్టుకుని ఊళ్లో కూతురింటికి వెళ్లిపోయింది.

చియో, మాకినో బయల్దేరేటప్పటికి బస్సు ఎదురుగా ఆగి ఉంది. వెళ్లే అతిథి కనుమరుగయ్యే దాకా విడిదివాళ్లు వీధిలో నిలబడి తలవంచి ఉండటం అక్కడి ఆచారం. మాకినో బస్సు వెనక అద్దంలోంచి చూశాడు. తొమోయె వచ్చి వీధి వాకిట్లో నిలబడింది. ఆమె పక్కన, చేతులు దాచుకోకుండా ముందు జోడించి, ఓరియె. చేపల బుట్టలతో పోతున్న ఆడవాళ్లు దారిలోనే ఆగి చూస్తున్నారు. ఎదుటి విడిది కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. త్సూనె రాలేదు. బస్సు కదలబోతుండగా షూహే లోపలి నుంచి హడావుడిగా వచ్చాడు. ఒక్క క్షణం ఆగి, తొమోయె వైపు కాకుండా ఓరియె పక్కకి వెళ్లి నిలబడ్డాడు.

ముగ్గురూ తలలు వంచారు. చియో సీటులోంచి లేచి, ఊగిపోతున్న బస్సులో కడ్డీ పట్టుకుని, మలుపు తిరిగేదాకా వాళ్లకి ఎదురు తలవంచే ఉంది.