అచ్చులో పడ్డ అక్షరాలు

లోవరాజు ఫోన్లో "రెసిన్ వచ్చిందాండీ" అన్నమాట నిజం. పక్కింటి పాపాయమ్మగారి చెవిలో అది "రేషన్"గా పడ్డమాటా నిజం. అరగంటలో నగరం అనే ఆ పల్లెటూళ్లో, ఆ వీధి ఆడవాళ్లంతా సంచులతో అతని కొబ్బరాకుల పాక ముందు వరసకట్టేరు.

"ఇది బళ్లకి ఫైబర్ పార్టులు పోసే జిగురండీ, ఎసట్లో పోసేది కాదు" అని అందర్నీ పంపేసరికి చివర ఓ అమ్మాయి మిగిలింది. ఆమె చేతిలోనూ సంచే.

"బియ్యం లేవండీ."

"మా ఇంట్లో బోలెడున్నాయండి."

ప్రసన్నకుమారి సంచిలోంచి తుప్పుపట్టిన రేకు తీసింది. వాళ్ల నాన్న జగ్గయ్యగారి పాత మోటార్ సైకిల్ సైడు ప్యానెల్. దానిమీద తెల్లరంగుతో, దళసరిగా, వంకరగా "ప్రసన్న" అని ఉంది.

"కిటికీలకి వెయ్యగా మిగిలిన రంగుతో మా అమ్మ రాసింది. ఇప్పుడు అమ్మ లేదు, చేతిరాత ఇదొక్కటే. దీన్ని చూసి కొత్తది పొయ్యండి. ఇది మాత్రం భద్రంగా తిరిగి రావాలి."

"ఆయ్" అన్నాడు లోవరాజు. పోత పోసేవాడికి అప్పుడే మతి పోయింది.

ఆ వర్షాకాలం గుర్తొస్తే ఆ వీధివాళ్లకి ఇప్పటికీ వాన వాసనతోపాటు రెసిన్ వాసనా వస్తుంది. తేమకి రెసిన్ గట్టిపడేది కాదు. రేకు ముట్టుకునేముందు లోవరాజు రోజూ ఓ ముక్క పోసి పరీక్ష చూసుకునేవాడు. గట్టిపడిందో లేదో చూడ్డానికి ప్రసన్న గొడుగేసుకుని రోజూ వచ్చేది.

"అందులో ఏం కలుపుతున్నారండి?"

"హార్డెనర్. తక్కువైతే గట్టిపడదు, ఎక్కువైతే పొగలొచ్చి పగులుద్ది."

"మా నాన్నలో కాస్త ఎక్కువే పడిందండి. మీ సంగతి చెబ్దామంటే భయం."

"నా సంగతేంటండీ?"

"గట్టిపడ్డాక చెప్తాను" అని గొడుగు చాటుకి నవ్వు దాచేసింది.

అచ్చు తియ్యాలంటే ముందు రేకుకి మైనం రాయాలి, లేకపోతే రెసిన్ పట్టేస్తుంది. తీరా అచ్చు తీసే రోజున మైనం నిండుకుంది. వానకి అమలాపురం బస్సు రాలేదు. కోనసీమలో పుట్టినవాడికి ఇంకేం తోస్తుంది? కొబ్బరినూనె రాసి, రెసిన్ పోసేశాడు. తలకి పట్టే నూనె అచ్చుకి పట్టలేదు. అచ్చు మాత్రం రేకుని పట్టేసుకుంది. ఉలితో లేపితే తుప్పు రేకు ముక్కలైంది, తెల్లరంగు పెచ్చులుగా రాలిపోయింది.

ప్రసన్న ఆ ముక్కల్ని సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. సాయంత్రం జగ్గయ్యగారొచ్చేరు.

"మా ఆవిడ అక్షరాలు గోకేశావంట?"

"గోకలేదండీ, అంటుకుపోయి..."

"మా గుమ్మం తొక్కకు."

గొడుగు రావడం మానేసింది. ఖాళీ అచ్చుని ముందేసుకుని కూచున్న లోవరాజు దాన్ని తుడుస్తూ, వెలుగుకి వంచి చూశాడు. మర్నాడు బస్సెక్కి మైనం తెచ్చుకున్నాడు.

ఆదివారం పొద్దున్న కొత్త ప్యానెల్ పట్టుకుని జగ్గయ్యగారి గుమ్మం ముందు నిలబడ్డాడు. తొక్కలేదు. వెనకాలే పాపాయమ్మగారు, ఆవిడ వెనకాల వీధి.

"రంగు లేదేం?" అన్నారు జగ్గయ్యగారు, ఓరకంట చూసి మొహం తిప్పుకుంటూ.

"చేత్తో తడమండీ."

విసుగ్గానే వేళ్లు ఆనించేరు. వేళ్లు ఆగిపోయేయి. మళ్లీ మొదటికెళ్లి, ఒక్కో అక్షరం మీదా నడిచేయి.

"ఏవుందయ్యా అక్కడ?" అన్నారు పాపాయమ్మగారు.

"అమ్మగారు రంగు దళసరిగా వేశారండీ" అని లోవరాజు వీధంతటికీ వినబడేట్టు చెప్పేడు. "నేను గోకలేదు. రేకు పోయింది, రంగు రాలింది. కానీ ఆ కుంచె ఎత్తుపల్లాలు అచ్చులో గుంటలుగా పడి ఉండిపోయేయి. అందులో పోస్తే మళ్లీ ఉబ్బి వచ్చేయి. ఇది నా రాత కాదండీ, ఆవిడదే."

ప్రసన్న గుమ్మం దాటి వచ్చి, తండ్రి వేళ్ల పక్కన తన వేళ్లు పెట్టింది.

"ఈ వంకర నీదేనమ్మా" అన్నారాయన. "మీ అమ్మ రాస్తుంటే మోచెయ్యి లాగేవు."

లోపలికెళ్లి కుంచె, తెల్లరంగు డబ్బా తెచ్చి కూతురి చేతిలో పెట్టేరు.

"అక్షరాల మీద నువ్వే వెయ్యి." తర్వాత లోవరాజు వైపు తిరిగేరు. "మా ఆవిడ ఇది రాసిన రోజు, కదలకుండా ప్యానెల్ పట్టుకుంది నేనే. ఇక నువ్వు పట్టుకో. లోపలికి రా."